రబ్బరే కదా అన్నాను

చిన్నప్పుడు బళ్ళో ఈ పని చెయ్యనివాళ్ళు ఉండరనుకుంటాను. అరచేతికి ఫెవికాల్ పల్చగా పూసుకోవడం, ఊదుకుంటూ ఆరబెట్టుకోవడం, ఆరాక ఒక అంచు గోటితో లేపి మెల్లగా లాగడం. చేతి గీతలన్నీ అచ్చుపడి పాము కుబుసంలాగా ఒక పొర ఊడొచ్చేది. తెగకుండా ఎవడిది పెద్దగా వస్తే వాడే ఆ రోజుకి హీరో. సారు చూస్తే అదే అరచేతి మీద బెత్తం పడేది, అది వేరే సంగతి :)

ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చాక, నెలనెలా ఈఎంఐలు కట్టుకునే రోజుల్లో, మళ్ళీ అదే పిచ్చి పట్టుకుంది నాకు. ఈసారి ఫెవికాల్ కాదు. పీకేయగలిగే రబ్బరు స్ప్రే పెయింటు.

మా టీములో ఒకతను మూడేళ్ళు అమెరికాలో పనిచేసి వచ్చాడు. అక్కడ తన కారు చక్రాల ఫోటోలు చూపించాడు. వెండి రంగు అల్లాయ్ వీల్స్‌ని నల్లగా మార్చేశాడు. "లీజు కారు కదా, తిరిగి ఇచ్చేటప్పుడు ఎలా మరి?" అని అడిగాను. ఇంకో వీడియో చూపించాడు. చక్రం మీద నల్ల రంగుని అరటిపండు తొక్క తీసినట్టు తీసేస్తున్నాడు. కింద వెండి రంగు ఎక్కడిదక్కడే ఉంది. ఆ వీడియో నేను కనీసం పదిసార్లు చూసుంటాను.

దాని పేరు ప్లాస్టీ డిప్. మిన్నెసోటా రాష్ట్రంలోని ఒక కంపెనీ 1972లో మొదలుపెట్టిన సరుకు. మొదట్లో అది స్ప్రే కాదు, డబ్బాలో ఉండే చిక్కటి ద్రవం. పనిముట్ల పిడులు అందులో ముంచి తీసి ఆరబెడితే రబ్బరు తొడుగు పడేది, చేతికి పట్టు దొరికేది. పేరులో డిప్ అని ఉన్నది అందుకే. కార్లకి పూసుకోవడం చాలా తర్వాత వచ్చిన సరదా. ఇప్పుడు ఇలాంటివి వేరే కంపెనీలవి కూడా దొరుకుతున్నాయి. అసలు పూసి తర్వాత పీకేయడం అనే ఆలోచన ఇంకా పాతది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక అమెరికా నేవీ వందల ఓడల్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. అప్పుడు వాటి ఫిరంగులు తుప్పు పట్టకుండా పైన ప్లాస్టిక్ పొర స్ప్రే చేసి, పట్టుపురుగు గూడులాగా మూసేసి ఉంచారు. మళ్ళీ అవసరమొస్తే పొర కోసి తీసేస్తే సరి.

ఇది పనిచేసే విధానం చాలా సింపులు. సింథటిక్ రబ్బరుని ఘాటైన సాల్వెంట్లలో కరిగించి డబ్బాలో నింపుతారు. స్ప్రే చేశాక సాల్వెంటు గాల్లో కలిసిపోతుంది, రబ్బరు ఒకే పొరగా మిగులుతుంది. మామూలు పెయింటు గోడనో ఇనుమునో గట్టిగా కరుచుకుంటుంది. ఇది అలా కరుచుకోదు, తనలో తను గట్టిగా పట్టుకుని ఉంటుంది. అడుగుతో ఉన్న బంధం కంటే తనలో ఉన్న బంధం బలంగా ఉంటే అంచు పట్టి లాగినప్పుడు మొత్తం దుప్పటిలాగా లేచొస్తుంది. పొర మరీ పల్చగా ఉంటే ఆ బలం చాలదు, ముక్కలు ముక్కలుగా రాలుతుంది. కింద గరుకుగా ఉంటే రబ్బరు ఆ సందుల్లోకి దిగి కూర్చుంటుంది, అసలు రాదు. ఈ చివరి రెండు వాక్యాలూ నేను పుస్తకం చదివి నేర్చుకోలేదు, ఒక ఆదివారం మొత్తం గోళ్ళు అరగదీసుకుని నేర్చుకున్నాను.

మొదటి ప్రయోగం నా రూములో వైఫై రౌటరు మీద. పొదుపుగా రెండు పల్చటి పూతలు వేశాను. వారం తర్వాత బోరు కొట్టి పీకబోతే మసాలా దోశ మాడి పెనానికి అంటుకున్నట్టు అంటుకుంది. పెనం పారేయలేం కదా, చిన్న చిన్న ముక్కలుగా గీకుతూ కూర్చున్నాను. అప్పుడర్థమైంది, ఊడి రావాలంటే ఎక్కువ పూయాలి. నాలుగైదు పూతలు, ఒక్కోదానికీ మధ్య అరగంట, చివరిది వేశాక కనీసం నాలుగ్గంటలు ముట్టుకోకుండా ఉండాలి. రాత్రంతా వదిలేస్తే ఇంకా మంచిది. మాస్కింగ్ టేపు మాత్రం చివరి పూత తడిగా ఉన్నప్పుడే తీసేయాలి. ఆరాక తీస్తే టేపుతో పాటు పక్కనున్న పొర కూడా లేచొస్తుంది.

రెండో ప్రయోగం నా బైకు పెట్రోలు ట్యాంకు మీది బొమ్మ. నల్లగా, మ్యాట్ ఫినిషులో, భలే వచ్చింది. నాలుగో రోజు పెట్రోలు పోయించుకుంటుంటే మూత దగ్గర రెండు చుక్కలు ఒలికాయి. నేను చూస్తుండగానే అక్కడ రబ్బరు ముడతలు పడి, వేడి పాల మీద మీగడలాగా కదిలిపోయింది. పెట్రోలు కూడా సాల్వెంటే కదా, దేన్నైతే కరిగించి నింపారో అది మళ్ళీ కరిగింది. ఇంజినీరింగులో కెమిస్ట్రీ పాసయ్యాను కానీ ఇది తట్టలేదు. బండి మొత్తం రంగు మార్చేద్దామన్న ఆలోచన కూడా అక్కడే ఆగింది. ఆర్సీలో బండి రంగు కూడా రాసుంటుంది. మొత్తం మార్చాలంటే ఆర్టీవో ఆఫీసుకి చెప్పి ఆర్సీలో మార్పించుకోవాలి. "సార్, ఇది పీకేయొచ్చు సార్" అంటే ట్రాఫిక్ పోలీసు వినడు.

ఇన్ని తిప్పలు పడ్డా ఈ పెయింటు నాకెందుకు నచ్చిందో మీలో చాలామందికి చెప్పక్కర్లేదు. మనం పొద్దున్నుంచి రాత్రిదాకా బతికేదే వెనక్కి తీసుకోగలిగిన లోకంలో. తప్పు కొడితే అండూ. తప్పు చెక్ ఇన్ చేస్తే రివర్టు. తప్పు రిలీజు చేస్తే రోల్‌బ్యాక్. ఆ ధైర్యం మీదే కదా శుక్రవారం సాయంత్రం కూడా డిప్లాయ్ చేస్తాం (చెయ్యకండి). ఇంట్లో వస్తువులకి ఆ సౌకర్యం ఉండదు. గోడకి మేకు కొడితే కొట్టినట్టే. అలాంటిది ఒక డబ్బా కొంటే ఇంట్లో వస్తువులకి కూడా రోల్‌బ్యాక్ వస్తోందంటే ఎవరు కాదంటారు?

అలా పోయిన సంక్రాంతికి రెండు పసుపు రంగు డబ్బాలు బ్యాగులో వేసుకుని కారులో ఊరికి బయల్దేరాను.

మాది మిడుతూరు మండలం. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. ఎక్కడ అని అడిగేవాళ్ళకి నందికొట్కూరు పక్కన అని చెప్తాను. అప్పటికీ తెలియకపోతే బట్టమేక పక్షి కోసం 1988లో అభయారణ్యం చేసిన రోళ్లపాడు మా మండలమే అంటాను. అప్పుడు కొంతమంది "ఓ, అదా" అంటారు, ఆ పక్షి కనపడ్డమే గగనమైపోయి చాలా ఏళ్ళైనా కూడా. మా నాయనకి నాలుగెకరాలు, ఒక బోరు. జనవరిలో మిరప తోట కోతకొచ్చి ఉంటుంది.

పసుపు రంగే ఎందుకంటే దానికో కారణం ఉంది. నాయన పనిముట్లు పొలంలో పారేసుకుంటాడు. పానాలు, స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లేయరు, అన్నీ తుప్పు రంగులో, మట్టి రంగులో ఉంటాయి. చేన్లో పెట్టి పది అడుగులు వేస్తే ఇంక కనపడవు. ఏడాదికి రెండు పానాలైనా మా నల్లరేగడిలో విత్తనాల్లాగా పడిపోతాయి, ఒక్కటీ మొలవదు. పిడులకి పసుపు రబ్బరు వేస్తే కనపడతాయి, చెమట చేతికి జారకుండా పట్టు కూడా దొరుకుతుంది. నచ్చకపోతే పీకేయొచ్చు. ఇంతకంటే ఏం కావాలి?

భోగి రోజు మధ్యాహ్నం ఇంటి వెనక పాత చీర పరిచి పనిముట్లన్నీ వరసగా పేర్చాను. ఎమ్రీ పేపరుతో రుద్ది, థిన్నరు గుడ్డతో తుడిచి, గాలికి ఎదురు లేకుండా నిలబడి, జానెడు దూరం నుంచి స్ప్రే చేశాను. ఆ వాసనకి అమ్మ వంటింటి కిటికీ మూసేసింది. "పొయ్యి దగ్గర పెట్టద్దురా ఆ డబ్బా" అని కూడా అంది. డబ్బా మీద రాసున్న హెచ్చరిక చదవకుండానే అమ్మకి తెలిసిపోయింది, అది మండే సరుకని.

సాయంత్రానికి పిడులన్నీ పసుపు పచ్చగా మెరుస్తున్నాయి. నాయన వచ్చి చూశాడు.

"ఏందిరా ఇది, పెండ్లికొడుక్కి నలుగు పెట్టినట్టు పూసినావు?"

"రబ్బరు నాయనా. పట్టు బాగుంటుంది, చేన్లో కనపడుతుంది."

ప్లేయరు చేతిలోకి తీసుకుని రెండుసార్లు తెరిచి మూశాడు. నచ్చిందని మొహంలో తెలుస్తోంది, పైకి చెప్పడు. "షాకు గూడా కొట్టదా అయితే?" అన్నాడు.

నేను ఫోనులో ఫోటోలు సర్దుకుంటున్నాను, స్టేటస్ పెట్టడానికి. తలెత్తకుండానే అన్నాను, "రబ్బరే కదా నాయనా, ఏం కాదు."

ఈ టపా మొత్తం ఆ ఒక్క వాక్యం కోసం రాస్తున్నాను.

కనుమ రోజు ఆళ్లగడ్డ నుంచి మా మామ వచ్చాడు, అమ్మ తమ్ముడు. అక్కడ శిల్పాలు చెక్కే పనిలో ఉన్నాడు. ఆళ్లగడ్డ రాతి శిల్పాలకి జీఐ గుర్తింపు కూడా ఉంది, మీరు వినే ఉంటారు. ఎక్కడెక్కడి గుళ్ళకో అక్కణ్ణించి విగ్రహాలు పోతాయి. మామకి కూడా గర్వంగా చూపించాను, ఒక పానా పిడి మీద అంచు లేపి ఎలా ఊడొస్తుందో. మామ ఆ ముక్కని వేళ్ళ మధ్య సాగదీసి చూశాడు.

"బాగుందల్లుడూ. మాకీ సౌకర్యం లేదు. ఉలి ఒక్క దెబ్బ ఎక్కువ పడితే దేవుని ముక్కు పోయినట్టే. అందుకే కొట్టేదానికంటే చూసేదే ఎక్కువసేపు."

నేను నవ్వాను. మామకి మన సాఫ్ట్‌వేరు గురించి ఏం తెలుసులే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే త్రీ ఫేజు కరెంటు వచ్చే టైముకి నాయన పొలానికి పోయాడు. గంట తర్వాత అమ్మ ఫ్లాస్కులో కాఫీ పోసి నన్ను పంపింది. గట్టు మీద నడుచుకుంటూ పోతుంటే మోటారు చప్పుడు వినపడలేదు. దగ్గరికి పోయేసరికి నాయన స్టార్టరు పెట్టె ముందు వంగి నిలబడి ఉన్నాడు. పెట్టె తలుపు తెరిచి ఉంది. కాళ్ళకి చెప్పుల్లేవు. నిన్న పారిన నీళ్ళకి నేలంతా తడి. చేతిలో పసుపు పిడి ప్లేయరు. ఒక ఫేజు వైరు లూజై నిప్పురవ్వలు వస్తున్నట్టుంది, దాన్ని పట్టుకుని మెలిపెట్టబోతున్నాడు. కరెంటు ఉంది.

అరిస్తే ఉలిక్కిపడి చెయ్యి ముందుకి పోతుందేమోనని భయం వేసింది. ఆ ఆలోచన ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. వీలైనంత మామూలు గొంతుతో "నాయనా, చెయ్యి వెనక్కి తీసుకో" అన్నాను. తీసుకున్నాడు. తిరిగి చూశాడు.

"ఏమైందిరా?"

"కరెంటు తీసినావా?"

"తీయలేదు. రబ్బరే కదరా, నువ్వే చెప్తివి కదా ఏం కాదని."

ప్లేయరు నా చేతికిచ్చాడు. పిడి లోపలి వైపు, బొటనవేలు ఆనే చోట, రూపాయి బిళ్ళంత పొర లేచిపోయి ఉంది. రెండ్రోజుల వాడకానికే. కింద ఇనుము తళతళ మెరుస్తోంది, నేనే ఎమ్రీ పేపరుతో రుద్దాను కదా మరి.

నాకు కాళ్ళల్లో బలం పోయింది. అక్కడే గట్టు మీద కూర్చున్నాను. నాయన కాఫీ మూతలో పోసి ముందు నాకిచ్చాడు.

ఇక్కడ మీకొకటి చెప్పాలి. మా నాయన కరెంటుతో నిర్లక్ష్యంగా ఉండే మనిషి కాదు. మా చుట్టుపక్కల మోటార్ల దగ్గర పోయినవాళ్ళని చూసినవాడు. స్టార్టరులో ఏం తేడా వచ్చినా లైన్‌మన్‌కి ఫోను చేసి, ఆయనొచ్చి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లైను తీసేదాకా పెట్టె మీద చెయ్యి వేసేవాడు కాదు. ఒక్కోసారి పూటంతా ఆగేవాడు. నీళ్ళు ఆగిపోయినా సరే, పైరు వాడినా సరే. ముప్పై ఏళ్ళుగా ఆయన్ని కాపాడింది ఆ భయమే. నేను ఒక పండగ మధ్యాహ్నం ఆ భయాన్ని తీసేశాను. నాలుగు పూతల రబ్బరుతో, ఒక్క పూత మాటతో.

కొడుకు ఇంజినీరు కదా, తెలిసి చెప్తున్నాడు అనుకున్నాడు. నేను ఇంజినీరునే, కంప్యూటర్ సైన్సు. ఆ తేడా ఆయనకెందుకు తెలియాలి? నాకు తెలియాలి.

హైదరాబాద్ తిరిగొచ్చాక కూర్చుని చదివాను, అప్పుడు చెయ్యాల్సింది ఇప్పుడు. రబ్బరు కరెంటుని ఆపుతుంది, నిజమే. కానీ ఒక పదార్థం ఆపగలగడం వేరు, ఆ పదార్థం పూసిన పనిముట్టు ఆపుతుందని నమ్మడం వేరు. స్ప్రే పూత ఐదు సార్లు వేసినా మందం మిల్లీమీటరులో ఒక చిన్న భాగమే. పైగా అది అంతటా ఒకేలా ఉండదు. పదునైన అంచుల దగ్గర ఏ పెయింటైనా పక్కకి లాక్కుపోయి పల్చబడుతుంది. ప్లేయరు పిడికి ఉన్నవన్నీ అంచులే. కంటికి కనపడని సూది రంధ్రాలు ఉండొచ్చు. డీజిలు, గ్రీసు తగిలితే మెత్తబడుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, అసలు ఊడిపోవడానికే తయారు చేసిన పొర అది. ఊడిపోవడమే దాని గొప్ప అని నేనే ఊరంతా చెప్పుకుని తిరిగాను! మోటారు లైనులో ఫేజుకీ ఫేజుకీ మధ్య 415 వోల్టులు. ఒక్క ఫేజుకీ తడి నేలకీ మధ్యే 240. ఇంట్లో పెట్టుకునే ఆర్‌సీసీబీ, ప్రాణాలు కాపాడడానికి వాడే రకం, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయేలా చేస్తారు, అంతకు మించితే మనిషికి ముప్పని. అంటే ఒక చిన్న బల్బు తీసుకునే కరెంటు కంటే తక్కువ.

నిజంగా కరెంటు పనికి చేసిన పనిముట్లు వేరే ఉంటాయి. వాటికి ఐఈసీ 60900 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 1000 వోల్టుల దాకా వాడుకునేలా చేసే ఈ పనిముట్లని 10,000 వోల్టులు పెట్టి పరీక్షిస్తారు. పాసైన దాని మీద ఒకదాని మీద ఒకటి వేసిన రెండు త్రిభుజాల గుర్తు, పక్కన 1000 వోల్టులు అని అచ్చు ఉంటుంది. ఆ గుర్తు లేని పిడి ఎర్రగా ఉన్నా, లావుగా ఉన్నా, రబ్బరులాగా మెత్తగా ఉన్నా, అది చేతి పట్టు కోసం మాత్రమే అనుకోవాలి. నేను వేసిన పసుపు పూతే కాదు, కొట్లో కొన్న మామూలు ప్లేయర్ల తొడుగుల్లో కూడా చాలావాటి సంగతి ఇంతే. గుర్తున్న పనిముట్టు చేతిలో ఉన్నా కూడా, కరెంటు తియ్యకుండా పెట్టెలో చెయ్యి పెట్టడం ఆ పని నేర్చుకోనివాళ్ళు చెయ్యాల్సింది కాదు.

ఆ రోజు పొలం నుంచి ఇంటికి రాగానే పనిముట్లన్నీ ముందేసుకుని పీకడం మొదలుపెట్టాను. పానాలవి చక్కగా వచ్చాయి. ప్లేయరు దగ్గర మాత్రం తిప్పలు పడ్డాను. మడత దగ్గర పాత తుప్పు గుంటలు ఉన్నాయి, రబ్బరు వాటిల్లోకి దిగి కూర్చుంది. బ్లేడుతో గీకాను, థిన్నరుతో తుడిచాను. ఇంకా కాస్త పసుపు మిగిలే ఉంది. నాయన అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు.

"దానికెందుకురా అంత కోపం? అదేం జేసె?" అన్నాడు.

నిజమే, అదేం చెయ్యలేదు. తయారు చేసినవాళ్ళు దాన్ని ఏ పనికి చేశారో ఆ పని చక్కగా చేసింది. చెయ్యలేని పనిని చేస్తుందని చెప్పింది నేను.

ఇలాంటి తప్పు నేను మొదటిసారి చెయ్యలేదు. రెండేళ్ళ క్రితం ఆఫీసులో ఒక ఫంక్షన్ రాశాను, పాత రికార్డులు తీసేయడానికి. దానికి సేఫ్ డిలీట్ అని పేరు పెట్టాను. నా దృష్టిలో సేఫ్ అంటే, ఆ రికార్డు ఇంకో టేబులులో వాడుతున్నారేమో చూసి తీసేస్తుంది, అంతే. బ్యాకప్ తీసుకోదు. కామెంటులో ఆ ముక్క రాయలేదు, నాకు తెలుసు కదా ఇంకెందుకని. వేరే టీములో కొత్తగా చేరిన అమ్మాయి ఆ పేరు చూసి నమ్మింది. సేఫ్ అన్నారంటే తిరిగి తెచ్చుకోవచ్చు కాబోలనుకుంది. ఒక రాత్రంతా నలుగురం కూర్చుని డేటా వెనక్కి తెచ్చాం. ముందు రోజు బ్యాకప్ ఉండబట్టి సరిపోయింది. మీటింగులో ఆ అమ్మాయి సారీ చెప్పింది. నేను కూడా తలూపి, "ఇకనుంచి కోడు చదివి వాడు" అని ఒక సలహా పారేశాను. సారీ చెప్పాల్సింది నేనని నాకు తట్టలేదు. మోటారు గట్టు మీద కాఫీ తాగుతుంటే తట్టింది. సెలవులు అయ్యాక ఆ అమ్మాయి దగ్గరికెళ్ళి చెప్పాను. ఆమెకి ఆ సంగతి సరిగా గుర్తు కూడా లేదన్నట్టు నవ్వేసింది. గుర్తుందని మాత్రం నాకు తెలుసు.

మనవాళ్ళల్లో చాలామందిమి ఇలాంటి ఊళ్ళ నుంచే వచ్చాం. ఇంటికెళ్తే అమ్మానాన్నలు ఫోను చేతికిచ్చి ఈ మెసేజీ నిజమేనా అని అడుగుతారు. ఈ మాత్ర వేసుకోవచ్చా, ఈ యాప్‌లో డబ్బులు పెట్టొచ్చా, ఈ తీగ ముట్టుకోవచ్చా అని అడుగుతారు. కొడుకు చదువుకున్నాడు, కూతురు చదువుకుంది అన్న ఒక్క నమ్మకంతో అడుగుతారు. మనం ఫోనులోంచి తలెత్తకుండా "ఏం కాదు" అంటాం. మనకది నోటి మాట. వాళ్ళు దాని మీద చెయ్యి పెడతారు. రంగైతే అంచు పట్టి లాగితే వచ్చేస్తుంది. ఆ మాట అలా రాదు. నాయనకి ఆ రోజు నుంచి నాలుగుసార్లు చెప్పాను, ఆ రబ్బరు కరెంటుకి పనికిరాదని. "సరేలేరా, తెలిసింది" అంటాడు. అయినా వారానికొకసారి ఫోనులో అడుగుతూనే ఉంటాను, మోటారు దగ్గర ఏం చేశావు, లైన్‌మన్ వచ్చాడా అని. తుప్పు గుంటల్లో మిగిలిన పసుపు ఇంకా కాస్త ఉందేమోనని భయం.

ఇంతా అయ్యాక ఆ డబ్బాలు పారేశానా అంటే, లేదు. ఇప్పటికీ ఇష్టమే. పలుగు పిడికి, టార్చిలైటు బాడీకి, బైకు వెనక పట్టుకునే కడ్డీకి బాగుంటుంది. ఇల్లు మారేటప్పుడు ఓనరు ఫ్రిజ్జు మీద పిల్లలు గీసిన గీతలు కప్పడానికి కూడా వాడాడు మా ఫ్రెండొకడు, ఖాళీ చేసేటప్పుడు పీకేశాడు. నున్నగా ఉన్న ఇనుముకీ ప్లాస్టిక్కుకీ వాడండి. సైలెన్సరు లాంటి బాగా వేడెక్కే వాటికి వద్దు, పెట్రోలు తగిలే చోట వద్దు. గది తలుపులు వేసుకుని కొట్టకండి, ఆ సాల్వెంటు తలకెక్కుతుంది. డబ్బాల మీద 50 డిగ్రీలు దాటిన చోట పెట్టొద్దని ఉంటుంది. మా నంద్యాల వైపు మే నెలలో నీడలోనే 45 దాకా పోతుంది, ఎండలో ఆపిన కారు లోపల సంగతి చెప్పక్కర్లేదు. నేను సంక్రాంతికి తెచ్చాను కాబట్టి సరిపోయింది, వేసవిలో అయితే కారులో తీసుకురాను. విమానంలో అయితే ఎలాగూ తీసుకెళ్ళనివ్వరు.

ఉగాదికి వెళ్ళినప్పుడు నంద్యాలలో రెండు త్రిభుజాల గుర్తున్న ప్లేయరు ఒకటి కొని తీసుకెళ్ళాను. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి స్టార్టరు పెట్టెకి ఎర్తింగు సరిచేయించాను. ప్లేయరు నాయన చేతిలో పెట్టాను. ఈసారి ఫోను జేబులో ఉంది. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, ఆ గుర్తు మీద బొటనవేలితో రుద్దాడు, ఊడొస్తుందేమో చూసినట్టు. ఊడలేదు.

"సరే, ఇదేం చేస్తుందో తర్వాత చెప్దువుగాని," అన్నాడు. "దీంతో ఏం చేయగూడదో ముందు చెప్పు."

చెప్పాను. అరుగు మీద కూర్చుని అరగంట పట్టింది.

మీరు కూడా ఈసారి ఊరికెళ్ళినప్పుడు ఇంట్లో ప్లేయరు ఎక్కడుందో వెతికి ఒకసారి పిడి చూడండి. గుర్తు లేకపోతే, అది లేదని నాన్నకి చెప్పండి. తలెత్తి చెప్పండి.